ఏడో మంచం

ముసలాయన చెయ్యి వణికింది. గ్లాసులోని టీ కాస్తా పక్కనున్నామె పుస్తకం మీద ఒలికింది.

"కళ్ళు కనబడట్లేదా?" అని గయ్యిమంది ఆమె.

ఆయన మెడలోని ఆకుపచ్చ మఫ్లరుతో పేజీ తుడవబోయాడు.

"ఆ మురికిగుడ్డ తగిలించకు! ముందు అవతలికి జరుగు."

ఆయన జరిగాడు. ఆసుపత్రి వరండాలో ఉన్నది ఆ ఒక్క బల్లే కాబట్టి జానెడు కంటే జరగలేకపోయాడు.

లోపల వార్డులో మంచాలు సర్దుతున్నారు. కాసేపట్లో డాక్టరు చదువు ఆఖరి పరీక్ష. చీటీలో ఏ మంచం నంబరు వస్తే ఆ రోగిని చూసి జబ్బేమిటో చెప్పాలి.

ఆమె ఇప్పటికే రెండుసార్లు తప్పింది. "ఈసారీ తప్పితే వచ్చి కొట్లో కూర్చో" అని వాళ్ళ నాన్న తెగేసి చెప్పాడు.

చదవక తప్పిందా అంటే, కాదు. ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెబుతుంది. చీటీకే ఆమె మీద పగ. రెండుసార్లూ అంతుపట్టని రోగులే పడ్డారు. ఆమెతో చదివినవాడే ఒకడున్నాడు, పుస్తకం పట్టిన పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా రోగులతో కబుర్లే. వాడు మొదటిసారే పాసై కూర్చున్నాడు. వాడికి 'లాటరీ' అని పేరు పెట్టింది ఆమే. ఇప్పటికీ వాడు గుర్తొస్తే ఒళ్ళు మండుతుంది.

"పరీక్షా తల్లీ?" అన్నాడు ముసలాయన.

"కాదు, షికారుకొచ్చా."

"పుస్తకం చాల్లే, మూసెయ్యి. ఇటు తిరిగి నా గుండె మీద గొట్టం పెట్టి విను."

"ఏంటీ?"

"మొహమాటపడకు" అంటూ ఆయన మఫ్లరు పక్కకు లాగి, చొక్కా పై గుండీ విప్పాడు.

ఆమె చివ్వున లేచింది. పుస్తకం కిందపడింది.

"వాచ్‌మన్! ఈ ముసలోణ్ణి ఎవడు రానిచ్చాడు? గుండీలు విప్పి వెకిలి వేషాలేస్తున్నాడు!"

పరీక్షల కోసం ఆ పూటే పెట్టిన కొత్త వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఆయన రెక్క పట్టుకున్నాడు.

"రమ్మంటేనే వచ్చానయ్యా..."

"ఎవరు రమ్మన్నారు, నేనా?" అందామె. "మనవరాలి వయసుదాన్ని, సిగ్గులేదూ! గేటు బయటికి గెంటెయ్."

వాచ్‌మన్ ఈడ్చుకుపోయాడు. ముసలాయన ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. గుండీ పెట్టుకుంటూ గేటు దాటాడు. ఆమె మాత్రం లోపలికి పిలిచేదాకా తిట్టుకుంటూనే ఉంది.

సిస్టర్ చీటీల డబ్బా చాపింది. ఆమె కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. ఏడు.

ఏడో మంచం మీద మడత నలగని దుప్పటి తప్ప మనిషి లేడు.

"పేషెంటేడి సిస్టర్?"

"టీ తాగొస్తానని వెళ్ళాడు, వస్తాడుండు. అదృష్టమంటే నీదే అమ్మాయ్! పరీక్షలొస్తే మేమే కబురు పెట్టి పిలిపించుకుంటాం ఆయన్ని. ఆ గుండె చప్పుడు ఒక్కసారి విన్నవాళ్ళెవరూ తప్పలేదు."

ఆమెకు ఊపిరాడింది. "అయితే ఆ లాటరీగాడికి కూడా ఈయనే పడ్డాడా?"

"పడటమేంటి? ఆయన మందులకొచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి పక్కన కూర్చుని విని విని నేర్చుకున్నాడు. పరీక్షలో వాడికి పడింది ఇంకెవరో."

అవతలి నుంచి పరీక్ష పెట్టే డాక్టరు విసుక్కున్నాడు. "ఏడో మంచం మనిషి రాకపోతే చివరి మంచం ఇచ్చేయండి. ఎంతసేపు?"

ఆమె చివరి మంచం వైపు చూసింది. ఆ మనిషి జబ్బేమిటో తేలక పెద్ద డాక్టర్లే తలలు పట్టుకుంటున్నారని వార్డంతా అనుకుంటున్నారు.

"ఒక్క నిమిషం సార్!" అని సిస్టర్ ఆమె వైపు తిరిగింది. "ఇందాకంతా వరండాలోనే ఉన్నావుగా, ఆకుపచ్చ మఫ్లరు ముసలాయన కనబడలేదూ?"

ఆమె తలతిప్పి గేటు వైపు చూసింది.

"నువ్వు కనబడి ఉంటే తనే పలకరించేవాడే! పరీక్షకు భయపడే పిల్లల్ని చూస్తే ఆగలేడమ్మా, ముందే ఒకసారి వినండని తన చొక్కా గుండీలు తనే విప్పుతాడు."