కబుర్ల పెట్టె

గర్భిణి ఉన్న ప్రతి ఇంట్లో లాగే సువర్చల ఇంట్లోనూ కబుర్ల పెట్టె ఉంది. కడుపులోని బిడ్డ కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేతాలను అది మన మాటల్లో వినిపిస్తుంది. "నువ్వు వెన్నువి, ఇటు జరుగు", "నేను కన్నునవుతున్నా, దారివ్వండి" అంటూ వంటింట్లో పొద్దస్తమానం ఒకటే సందడి.

అత్తగారు తాయారమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేది. ఒకరోజు వేళ్ళ మధ్య పొర వంతు వచ్చింది. వేళ్ళు విడివడాలంటే ఆ పొరలోని కణాలు చనిపోవాలి.

"మా పనైపోయింది, పోతున్నాం" అంది పెట్టె.

తాయారమ్మకు ఒళ్ళు మండింది. "శుభమా అని బిడ్డ తయారవుతుంటే పోతున్నామంటారేవిట్రా! వెళ్ళొస్తామనాలి."

సువర్చల నవ్వింది. "అవి తిరిగి రావత్తయ్యా."

"రాకపోతే మానాయి. అనడానికేం?"

ఇంట్లోవాళ్ళ మాటతీరు పట్టేయడం పెట్టెకు అలవాటు. అప్పటినుంచి రాలిపోయే ప్రతి కణమూ వెళ్ళొస్తాననే అంది.

మూడో నెల దాటాక ఒక ఉదయం గుండె "ఉన్నారా?" అని పిలిచింది. కాళ్ళ నుంచి జవాబు లేదు. కళ్ళ నుంచీ లేదు. సువర్చల పెట్టెను కడుపుకు అదుముకుంది. తాయారమ్మ పొయ్యి కట్టేసి డాక్టరమ్మకు ఫోను కలిపేలోపే, అన్ని గొంతులు పలికిన పెట్టెలోంచి ఒక్క గుండె గొంతే వచ్చింది.

"వెళ్ళొస్తాను."

ఆ మాటకు బదులివ్వాల్సింది ఇంట్లో పెద్దవాళ్ళే. తాయారమ్మ కోడలి కడుపు మీద చెయ్యి వేసింది.

"మంచిది నాయనా, వెళ్ళి..." అంది.

"రా" అనడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.