చుక్కాని ఎవరికిచ్చావు

మా పడవలో చుక్కాని చేతులు మారేటప్పుడు ఇచ్చేవాళ్లు "నీదే" అనాలి. అందుకునేవాళ్లు "పట్టుకున్నా" అనేదాకా చెయ్యి వదలకూడదు. ఈ పద్ధతి మా ఆయన లియాండర్ పెట్టిందే. మొన్న చలికాలంలో ఆయన పోయాక, మా ఫోగో దీవి నుంచి చుట్టాలూ స్నేహితులూ కలిసి నాలుగు రోజుల చేపలవేటకు బయలుదేరడం ఇదే మొదలు.

రెండో రాత్రి మెలకువ వచ్చి చూస్తే, పైన చుక్కాని దగ్గర ఉండాల్సిన మా మరిది ఆంబ్రోస్ కింద బల్ల మీద గురక పెడుతున్నాడు. తట్టి లేపాను.

"చుక్కాని ఎవరికిచ్చి వచ్చావురా?"

"నీకే కదా వదినా. చీకట్లో 'పట్టుకున్నా' అన్నావుగా. గొంతు బొంగురుగా ఉంటే జలుబు చేసిందేమో అనుకున్నా. కాడ్ చేపలు కోసీ కోసీ చేతులు పడిపోయాయి, కాసేపు పడుకోనీ."

గబగబా పైకెక్కాను. అక్కడ ఎవరూ లేరు. అలలు కొడుతున్నా చుక్కాని కర్ర అటూ ఇటూ ఊగడం లేదు. దాని మీద చెయ్యి వేశాను. అంత చలిలోనూ వెచ్చగా ఉంది.

"నీదే" అని నా చెవి పక్కనే, చాలా నెమ్మదిగా వినిపించింది.

కింద నుంచి ఆంబ్రోస్ కేకేశాడు. "పట్టుకున్నావా వదినా?"

ఆ మాట నేను అనలేదు. పడవ తిన్నగా పోతూనే ఉంది.