వంగి చూసే డ్రైవరు

“రైట్! రైట్!” అని రెండుసార్లు అరిచినా బస్సు కదల్లేదు. కండక్టరు ప్రేమదాసు జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి చూస్తే సీట్లో డ్రైవరే లేడు. కొత్త ఖాకీ చొక్కా తొడుక్కున్న బుల్లయ్య నేల మీద అరచేతులు ఆన్చి, బస్సు కిందికి తొంగి చూస్తున్నాడు.

“ఏవండీ, ఏమన్నా పడిపోయిందా?”

“లేదండీ. చూసుకుంటున్నా.”

అటుపక్కకు కూడా వెళ్ళి వంగి చూసి, అప్పుడు ఎక్కాడు.

గుంటూరు సిటీ బస్సు మీద బుల్లయ్యకు అది మొదటి రోజు. పొదిలి దగ్గర పల్లెటూరి మనిషి. పదేళ్ళు పత్తి లారీలు తోలాడు. చెయ్యి మాత్రం వెన్నే. మార్కెట్ సెంటర్లో రిక్షాల మధ్య నుంచి బస్సును తీసుకెళ్తుంటే నిలబడ్డ ముసలివాళ్ళు కూడా తూలలేదు. ఎంతోమంది డ్రైవర్లతో పనిచేసిన ప్రేమదాసుకు ఆ పనితనం చూసి ముచ్చటేసింది. వచ్చిన చిక్కల్లా ఈ వంగి చూడటంతోనే. ట్రిప్పు ట్రిప్పుకీ ఇదే తంతు.

డ్రైవరు వెనక సీట్లో పొద్దుటి నుంచీ ఒక పెద్దావిడ కూర్చునుంది. పేరు హనుమాయమ్మ. సత్తెనపల్లి నుంచి తొలి బస్సుకే వచ్చిందట. బస్సుకు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది ఆవిడే. ఒళ్ళో అన్నం క్యారియరు. ప్రేమదాసు టికెట్టు అక్కర్లేదన్నా వినలేదు.

“కొట్టు నాయనా. నేను ఉత్తినే ఎక్కితే రేపు ఆ అబ్బాయికి మాటొస్తుంది.”

బస్సు తీసే ముందు ప్రతిసారీ ఆవిడ “చూశావా?” అని అడుగుతుంది. “చూశానమ్మా” అంటాడు బుల్లయ్య తల దించుకునే. ఈ కాలంలో ఇంత అణకువ గల మగపిల్లాణ్ణి ప్రేమదాసు చూడలేదు.

అతనికి ఉద్యోగం ఎలా వచ్చిందో డిపో అంతా చెప్పుకుంటోంది. ఇంటర్వ్యూలో ఎవరూ అడక్కుండానే, కోర్టు కొట్టేసిన పాత లారీ కేసు సంగతి తనే చెప్పేశాడట. ఆఫీసరు కాగితాలు పక్కన పెట్టేశాడు. మర్నాడు హనుమాయమ్మ వెళ్ళి, “ఇకమీదట ఇతనంత జాగ్రత్తగా బండి తీసేవాడు మీకు దొరకడండీ” అందట. అంతే, ఆర్డరు వచ్చింది. తల్లి మాట విని ఉద్యోగాలిచ్చే ఆఫీసర్లు కూడా ఉన్నారా అని ప్రేమదాసు ఆశ్చర్యపోయాడు.

మూడో ట్రిప్పు ముగిసేసరికి కంట్రోలరు గురునాథం వాచీ చూసుకుంటూ ఎదురొచ్చాడు.

“ఏమయ్యా, మళ్ళీ లేటు! ఇరుసుకు కందెన ఉందో లేదో చూసుకు తోలడానికి ఇదేమన్నా ఎడ్లబండా?”

“రెండు నిమిషాలేనండి.”

“ఆ రెండేసి నిమిషాలే సాయంత్రానికి ఒక ట్రిప్పవుతాయి. నీది టెంపరరీ ఉద్యోగం, గుర్తుంచుకో. ఈసారి నేనే వస్తా. కిందకి దిగావో, రిపోర్టు రాసి పైకి పంపేస్తా. రేపణ్ణుంచి మళ్ళీ లారీయే నీకు.”

“రాసుకోండి సార్. చూడకుండా మాత్రం తియ్యను.”

ప్రేమదాసు చప్పున బుల్లయ్య వంక తిరిగాడు. మొదటి రోజే కంట్రోలరుకు ఎదురు చెప్పి నిలబడ్డవాడు ఎవడున్నాడు?

చివరి స్టాపు గోరంట్లలో బస్సు ఆగేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఏప్రిల్ ఎండకు తారు మెత్తబడుతోంది. మచ్చుకైనా చెట్టు లేదు. ఎక్కిన మిర్చి బస్తాల ఘాటుకు బస్సంతా తుమ్ములు. గురునాథం కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని మజ్జిగ తాగొచ్చి, జేబులోంచి కాగితం తీశాడు.

“టైమైంది. తియ్యి!”

బుల్లయ్య తలుపు తెరుచుకుని దిగాడు. గురునాథం పెన్ను మూత తీశాడు. ప్రయాణికులు గొణిగారు. ఎడమపక్క వంగాడు, లేచాడు. కుడిపక్కకు వెళ్ళి వంగాడు. లేవలేదు.

ప్రేమదాసు పరుగెత్తుకెళ్ళి చూశాడు. వెనక చక్రాల మధ్య, బస్సు నీడన, తలపాగా గుడ్డ పరుచుకుని ఒక ముఠా కూలీ ఆదమరిచి నిద్రపోతున్నాడు. తెల్లవారుజాము నుంచీ బస్తాలు మోసిన ఒళ్ళు, పైన ఇంత గోలకు కూడా కదల్లేదు. చక్రానికీ అతని తలకీ మధ్య జానెడు దూరం లేదు.

గురునాథం కూడా వంగి చూశాడు. కాగితం నాలుగు ముక్కలుగా చించి, “ఇకనుంచి నువ్వెంత సేపు చూసుకున్నా ఎవడూ అడగడయ్యా” అన్నాడు. ప్రయాణికులంతా దిగి బుల్లయ్య చుట్టూ మూగారు. ఒకాయన చేతులెత్తి దండం పెట్టాడు. బుల్లయ్య మాత్రం నేల మీదే చతికిలబడ్డాడు.

హనుమాయమ్మ దిగొచ్చింది. కూలీని భుజం పట్టి లేపి, పైటకొంగుతో అతని ముఖం తుడిచి, క్యారియరు విప్పి అతని ముందు పెట్టింది. అతను తింటుంటే చూస్తూ బావురుమంది. ముక్కూ మొహం తెలియనివాడి కోసం ఇంత ఏడ్చే తల్లి ఉంటుందా అనుకున్నాడు ప్రేమదాసు. అతని కళ్ళూ చెమ్మగిల్లాయి.

“ఊరుకోండమ్మా. ఇవాళ మీవాడు ఒక ప్రాణం నిలబెట్టాడు. ఇలాంటి కొడుకును కన్నందుకు మీకు దండం పెట్టాలి.”

ఆవిడ బుల్లయ్య వంక చూసింది. వెళ్ళి అతని తల మీద చెయ్యి వేసింది.

“నా కొడుకు ఇతని లారీ కింద పడుకుని మరి లేవలేదు నాయనా.”