నాను ముందే సెప్పాను

అప్పలసూరి ఇంట్లో ఏం జరిగినా ఆయన ముందే చెప్పి ఉంటాడు.

ఫ్యాను ఆగిపోతే, "నాను ముందే సెప్పాను." వానొచ్చి ఆరేసిన బట్టలు తడిస్తే, "నాను ముందే సెప్పాను." కూర్మన్నపాలెంలో ఎవరి సంబంధమో చెడిపోయిందని కబురొస్తే, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అదే మాట. ఎప్పుడు చెప్పాడో ఎవరికీ గుర్తుండదు. అడిగే ధైర్యం అంతకన్నా ఉండదు.

ఆయన కొడుకు మణికంఠ డిగ్రీ ఆఖరి ఏడు. ఆ మాట అనే అదృష్టం అతనికి ఒక్కసారీ పట్టలేదు. ఒకరోజు కుక్కరు ముందు నిలబడి, "ఇప్పుడు కూత వేస్తాది చూడమ్మా" అన్నాడు. వెయ్యలేదు.

"రబ్బరు పోతాదని నాను ముందే సెప్పాను" అన్నాడు అప్పలసూరి, పేపరు మడతపెట్టకుండానే.

అందుకే నగరంలో కాలేజీల హాకీ పోటీ మొదలవగానే మణికంఠ ఒక పని చేశాడు. ఎనిమిది జట్లు. ఎవరు ఎవరిని ఓడిస్తారో, సెమీఫైనల్‌కి ఎవరొస్తారో, కప్పు ఎవరిదో అంతా కొమ్మల్లా గీతలు గీసి, కింద సంతకం పెట్టి, ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఫొటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టాడు.

మొదటి రౌండు అతను రాసినట్టే అయింది. సెమీఫైనల్సూ అంతే. ఆ వారమంతా దాహం లేకపోయినా ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి నీళ్ళు తాగాడు. వెళ్ళిన ప్రతిసారీ వెన్ను కాస్త నిటారైంది.

"మీ కాలేజీ ఫైనల్లో ఓడిపోతాదని రాసీసినావేట్రా?" అన్నాడు అప్పలసూరి, కాగితం దగ్గరగా వంగి.

"పెందుర్తి కాలేజీ వాళ్ళు బాగా ఆడతన్నారు నాన్నా."

"ఎహె. మీవోళ్ళే గెలుస్తారు. నాను సెప్తన్నాను, రాసుకో."

పుట్టి బుద్ధెరిగాక తండ్రి నిజంగా ముందే చెప్పడం మణికంఠ వినడం అదే మొదటిసారి. అన్నం సహించలేదు.

"ఈ హాకీ పిచ్చితో పిల్లడు సిక్కిపోతన్నాడు" అంది తల్లి చిట్టెమ్మ, అన్నం వదిలేసిన కంచం వైపు చూస్తూ.

ఫైనల్ రోజు పొద్దున్నే కాలేజీ జట్టు కెప్టెన్ యోహాన్ ఫోన్ చేశాడు.

"బావా, మనోళ్ళే ఓడిపోతారని ఎవడైనా రాత్తాడేటి? గ్రూపులో అందరూ నవ్వుతన్నారు."

"అభిమానం వేరు, అంచనా వేరు బావా."

"సర్లే మహానుభావా. టైముకి రా."

టైముకే వెళ్ళాడు.

అతను నిలబడ్డ చోటి నుంచి మైదానమంతా కనిపిస్తుంది. ఎదురెండ. ఆట చాలాసేపు అవతలి కొసనే సాగింది. యోహాన్ బంతి కొట్టిన ప్రతిసారీ మణికంఠ గుండె జారింది. బంతి పక్కకు పోయిన ప్రతిసారీ కుదుటపడింది. దగ్గర్లో ఎవరూ లేకపోబట్టి సరిపోయింది గానీ, ఆ ముఖంలో సంతోషం చూస్తే సొంత కాలేజీ వాళ్ళు ఊరుకునేవారు కాదు.

జనంలో తండ్రి కనిపించాడు. నెత్తిన రుమాలు వేసుకుని పక్కవాడికి ఏదో చెబుతున్నాడు. ఏం చెబుతున్నాడో వినక్కర్లేదు.

ఆఖరి నిమిషం. ఇరువైపులా ఒక్క గోల్ కూడా లేదు. అప్పుడు పెందుర్తికి పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది.

గోల్ పడితే కప్పు పెందుర్తిది. ఫ్రిజ్ మీది కాగితంలో ప్రతి గీతా నిజం. పడకపోతే ఆట షూటౌట్‌కి పోతుంది, ఊపు తన కాలేజీది. ఆ తర్వాత ఈ జన్మంతా, ప్రతి భోజనం దగ్గరా, నాన్న మాట.

మిగతా ఆటగాళ్ళంతా దూరంగా వెళ్ళి నిలబడ్డారు. పెందుర్తి కుర్రాడు బంతి ముందుకొచ్చాడు. వాడు స్ట్రోక్ ఎప్పుడూ గోల్‌కి కుడి మూలకే కొడతాడు. సెమీఫైనల్లోనూ అక్కడికే కొట్టాడు. ఇప్పుడూ అక్కడికే కొడతాడు. మణికంఠకి ఆ సంగతి ముందే తెలుసు.

జనంలో అప్పలసూరి లేచి నిలబడ్డాడు.

ఈల మోగింది.

ఛాతీకీ కాళ్ళకీ ప్యాడ్లు కట్టుకున్న గోల్‌కీపర్ మణికంఠ, ఒంట్లో ఉన్న సత్తువంతా కూడదీసుకుని, ఆ కుడి మూలని వదిలేసి ఎడమ మూలకి దూకాడు.