ఒక్క జీతంతో ఒక్క నెల

“ఈ నెల కూడా తేడా వచ్చిందా?” పద్దు పుస్తకం మీంచి తలెత్తకుండానే అడిగాడు మెకానిక్.

“పన్నెండు వందలు తక్కువండీ,” అంది భార్య, పొయ్యి మీంచి పాలగిన్నె దించుతూ.

“దేనికయ్యాయి?”

“గుర్తు లేదు. రెండుసార్లు ఆటో ఎక్కాను.”

“రెండుసార్లకే పన్నెండు వందలా? చంద్రమండలానికేమైనా వెళ్లొచ్చావా?”

ఆమె నవ్వలేదు. అతనికీ నవ్వు రాలేదు, దగ్గు తెర వచ్చింది.

ఇల్లు ఆమె బట్టల ఫ్యాక్టరీ జీతంతోనే గడవాలని, తన డబ్బు ముట్టుకోకూడదని నియమం పెట్టింది అతనే. అద్దెకింత, సరుకులకింత, కరెంటుకింత, పాప ఫీజుకింత అని నెల మొదట్లోనే రాసి చేతికిచ్చేవాడు. ఎందుకీ తంటా అని ఆమె అడిగితే, “నీకు చేతకాదని నా అనుమానం. కాదని చూపించు,” అన్నాడు.

అసలు కారణం మంచం కింద పనిముట్ల పెట్టెలో, ఆస్పత్రి కాగితంలో ఉంది. డాక్టరు ఇచ్చిన గడువు మూడు నెలలు. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం అతనికి లేదు. తను పోయేలోపు ఒక్క నెలైనా ఆమె ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకురావడం కళ్లారా చూడాలి, అంతే.

ఇది ఆరో నెల.

“ఇన్నాళ్లు ఎలా లాక్కొస్తున్నావయ్యా?” అని డాక్టరే ఆశ్చర్యపోయాడు.

“ఇంట్లో ఒక పని మిగిలిపోయిందండీ,” అన్నాడు మెకానిక్.

బస్సుల షెడ్డులోనూ అతనిది అదే వరస. విప్పిన ఇంజన్ బిగించి, అది స్టార్టయితేగాని ఇంటిదారి పట్టేవాడు కాదు. కానీ ఈ పని మాత్రం తెమలడం లేదు. నెలనెలా ఎక్కడో గండి పడుతూనే ఉంది. తిట్టుకుంటూ ఆ గండిని అతనే పూడుస్తున్నాడు.

“చొక్కా కాలరు దగ్గర నూలుపోగు తేడా రానివ్వవని ఫ్యాక్టరీ అంతా చెప్పుకుంటారే! ఇంటి లెక్క దగ్గర ఆ బుర్ర ఏమైంది?” అని అరిచాడు.

“వచ్చే నెల జాగ్రత్తగా ఉంటానండీ.”

“ఎప్పుడూ ఇదే మాట! రేపు నేను లేకపోతే పిల్లని ఎలా పెంచుతావే?” అనేసి నాలుక కరుచుకున్నాడు.

ఆమె పట్టించుకున్నట్టు లేదు. “అందుకేగా మీరు దగ్గరుండి నేర్పాలి,” అంటూ గ్లాసులో పాలు పోసి అతని ముందు పెట్టింది.

అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంత మొద్దు మనిషిని ఎవరికి అప్పగించి పోవాలి? కొత్త పేజీ తిప్పి, గీతలు గీసి, మళ్లీ అద్దె దగ్గర్నుంచి రాయడం మొదలుపెట్టాడు. ఇంకో నెల ఎలాగైనా ఉండాలి అనుకున్నాడు.

మర్నాడు ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం భోజనాల వేళ, ఆమె పక్క కుట్టుమిషను మీద పనిచేసే అక్క చేతిలో పన్నెండు వందలు పెట్టింది.

“ఇవి కూడా దాచక్కా.”

అక్క వాటిని లెక్కపెట్టి సంచీలోని కవర్లో వేసింది. “ఆరు నెలల్లో ఏడు వేలు దాటాయే! ఇంత పొదుపుగా ఇల్లు నడుపుతూ ఆ మనిషితో రోజూ తిట్లు తినడమెందుకు? చెబితే ఎంత పొంగిపోతాడు!”

ఆమె అన్నం గిన్నె పక్కకు జరిపింది. పనిముట్ల పెట్టెలోని కాగితం ఆమె ఎప్పుడో చదివేసింది.

“చెబితే ఆయన వెళ్లిపోతారక్కా.”