పాత చేపకు అద్దం

వేణుగోపాల్ రాస్ అనే జాతి రంగుచేపను కొత్తగా తెచ్చి ఉప్పునీళ్ల అక్వేరియంలో వదలగానే పాతది దాని మీదికి దూకింది. అతను గబగబా గాజుకు బయటనుంచి మొహం చూసుకునే అద్దం ఆనించాడు. పాతది కొత్తదాన్ని వదిలేసి, అద్దంలోని తన నీడను పొడవసాగింది.

"ఇదేందిరా?" అంది తల్లి సుబ్బరత్నమ్మ.

"ముందునుంచి ఉండేది కొత్తదాన్ని బతకనీదమ్మా. అది తన నీడతో కొట్లాడతాంటే, ఈలోపల కొత్తది కుదురుకుంటాది."

"ఎన్ని దినాలు?"

"పది దినాలు చాలు."

కోడలు శ్రీవాసవి ఈ ఇంట్లో ఉన్నది నాలుగు నెలలే. పొద్దున కోయిలకుంట్ల నుంచి ఆమె పంపిన విడాకుల కాగితాలు బల్లమీద ఉన్నాయి.

చేప మూతి చిట్లింది. అయినా ఆగలేదు.

"ఆ పిల్ల వచ్చినప్పుడు నాకూ ఒక అద్దం పెట్టింటే బాగుండు గద నాయనా," అంది సుబ్బరత్నమ్మ.

"సంతకం పెట్టేసినానమ్మా," అన్నాడతను, అద్దం సరిచేస్తూ.