పదకొండున్నర మిల్లీమీటర్లు

“ఒక్క కన్నేనా?” అన్నాడు సుధీంద్ర, నొసలు చిట్లించి.

“కుడిది ఒక్కటే సార్,” అన్నాడు సాంబయ్య.

ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గర సుధీంద్రది ఐరిస్ ఫొటో స్టూడియో. పెద్ద లెన్సున్న కెమెరా, దాని చుట్టూ రింగు లైటు, గడ్డం ఆనించుకోవడానికి ఒక స్టాండు. కంట్లోని నల్లగుడ్డును ఫొటో తీసి, మూడడుగుల బొమ్మ చేసి, అద్దం కట్టి ఇస్తాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్త జంటలు. ఆయన కన్నూ ఆవిడ కన్నూ పక్కపక్కన పెట్టించి, మధ్యలో నిప్పురవ్వలు ఎగిరించి, హాల్లో సోఫా పైన తగిలించుకుంటారు.

వాళ్లంటే సుధీంద్రకు వెగటు. అందరివీ అవే గోధుమరంగు కళ్లు. తమవి మాత్రం తేనెరంగని ప్రతివాళ్లకీ నమ్మకం. కంప్యూటర్లో నాలుగు నొక్కులు నొక్కి, తేనె పోసి పంపించేస్తాడు. మొహాలు చూడడం ఎప్పుడో మానేశాడు. తెర మీద కన్ను పడితే చాలు, దాని చుట్టూ ఎవరున్నారన్నది అతనికి అనవసరం.

సాంబయ్య నాచారంలో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. చొక్కా జేబులో పెన్నుతోపాటు కొలతలు తీసే వెర్నియర్ ఉంది. వెనకాల కూతురు గౌతమి. ఈ దుమ్ములో బండెక్కే ఆడపిల్లలందరిలాగే ముఖానికి చున్నీ చుట్టుకుని నల్లద్దాలు పెట్టుకుంది. లోపలికి వచ్చినా తియ్యలేదు. స్టైలు కాబోలు అనుకున్నాడు సుధీంద్ర.

“సైజు? రెండడుగులా, మూడడుగులా?”

సాంబయ్య చీటీ తీసి చదివాడు. “పదకొండున్నర మిల్లీమీటర్లు.”

సుధీంద్రకు నవ్వు ఆగలేదు. “చొక్కా గుండీ అంత. దానికి నా కెమెరా ఎందుకండీ?”

“కొలత గంతే ఉండాలె సార్. రంగు ఎట్లున్నదో గట్లనే రావాలె. కింద చిన్న మచ్చున్నది, అది గూడ పడాలె. తెల్లగుడ్డు మీద ఎర్ర నరాలుంటయి గదా, అవి గూడ. చేసేటాయన చెన్నైల ఉంటడు. ఇయ్యాల సాయంత్రం కొరియర్ల పంపాలె. లేకుంటే మళ్ల రెండు నెలల దాక ఆయనకు తీరదంట. జర తేడా వచ్చినా మంచిగ కనిపియ్యదన్నడు.”

లాకెట్. సుధీంద్రకు వెంటనే అర్థమైపోయింది. కంటిబొమ్మ లాకెట్లు ఈ మధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. అయితే ఎర్ర నరాలతో సహా మెడలో వేలాడేసుకునేవాళ్లను చూడడం ఇదే మొదలు.

“ఇవాళే కావాలంటే ఎలా? అంత తొందరేముంది?”

“పరీక్షలు దగ్గరికొచ్చినయి సార్. అది వస్తేనే కాలేజీకి పోతనంటది. మూడు నెలల సంది ఇల్లు కదుల్తలేదు.”

గుండీ అంత లాకెట్ కోసం మూడు నెలలు అలిగి కూర్చున్న కూతురు. అది అలిగిందని పని మానేసి పరిగెత్తుకొచ్చిన తండ్రి. ఇద్దరికీ పనిలేదు అనుకున్నాడు సుధీంద్ర. కెమెరా ఆన్ చేసి తెర ముందు కూర్చున్నాడు.

“ఆ అద్దాలు తీసి, గడ్డం ఇక్కడ పెట్టమ్మా.”

గౌతమి తండ్రి వైపు చూసింది. సాంబయ్య వచ్చి ఆమెకు ఎడమవైపున అడ్డంగా నిలబడ్డాడు. వెలుతురుకు అడ్డం జరగమని సుధీంద్ర విసుక్కున్నాడు. సాంబయ్య జరగలేదు. అమ్మాయి చున్నీ కొంచెమే జరిపి గడ్డం ఆనించింది. తెర నిండా కుడి కన్ను పరుచుకుంది. కింద ఆవగింజంత మచ్చ. నాలుగు ఫొటోలు తీసి, గంట తర్వాత రమ్మన్నాడు.

ఆ గంటలో సుధీంద్ర తన బుద్ధి చూపించాడు. మచ్చ తుడిచేశాడు. ఎర్ర నరాలు కడిగేశాడు. అలవాటుగా తేనె పోశాడు. పదకొండున్నర మరీ పిసినారి కొలతలా తోచి పదమూడు చేశాడు. వీళ్లకు అందమంటే ఏమిటో తెలియదు, తెలిసినవాడు చెప్పకుండా చేసిపెట్టాలి, అంతే.

సాంబయ్య కూతురితో తిరిగి వచ్చాడు. ప్రింటు మీద వెర్నియర్ ఆనించాడు.

“పదమూడున్నది సార్.”

గౌతమి గోడవైపు తిరిగి అద్దాలు తీసింది. సాంబయ్య బొమ్మను ఆమె ముఖం దగ్గర పట్టుకుని, దాన్నీ ఆమెనూ మార్చి మార్చి చూశాడు.

“ఇది మా పాప కన్ను గాదు సార్.”

“మచ్చ ఏది నాయినా?” అంది ఆ అమ్మాయి. “గిట్లుంటే నేను కాలేజీకి పోను. అందరు నన్నే సూస్తరు.”

సుధీంద్రకు ఒళ్లు మండింది.

“మచ్చ తీసినందుకు సంతోషించాలమ్మా. చూడ్డానికి ముచ్చటగా ఉంటే చాలదా? నీ లాకెట్‌ను కాలేజీలో ఎవరైనా స్కేలు పెట్టి కొలుస్తారా? ఒకటి పక్కన ఒకటి పెట్టి పోల్చి చూస్తారా?”

సాంబయ్యకు కోపం రాలేదు. వెర్నియర్ మూసి జేబులో పెట్టుకున్నాడు. ఏమంటున్నాడో అర్థం కానట్టు సుధీంద్రను చూశాడు.

“లాకెట్ గాదు సార్,” అన్నాడు, “దీన్ని జూసే, పాపకు పోయిన ఎడమ కన్ను చేస్తరు.”